విమర్శకుడి మాటకు గోడ పెట్టే పరీక్ష

మిత్రులారా,

కళా విమర్శకుడు పత్రికకు రాస్తాడు, తరగతిలో చెబుతాడు, ఒక్కోసారి బొమ్మలు ఎంచి, గోడకు ఎక్కించి ప్రదర్శన కూడా కూరుస్తాడు. కాగితం మీద దాగిన తప్పు గోడ మీద దాగదు. ఈవేళ ఎక్కువగా ఆ గోడ గురించే చెబుతాను.

ముందు రాత సంగతి. 1759లో ఫ్రెంచి రచయిత దిదెరో, పారిస్‌లో జరిగే సలోన్ అనే చిత్రకళా ప్రదర్శనలపై రాయడం మొదలుపెట్టాడు. ఆ రాతలు చేతిరాత ప్రతులుగా దూరదేశపు చందాదారులకు వెళ్లేవి. వాళ్లు ఆ బొమ్మలను చూడలేరు కాబట్టి మాటల్లోనే బొమ్మ కట్టించాల్సి వచ్చింది. ఇప్పుడు పక్కన ఫొటో ఉంటుందన్న ధీమాతో మనం వర్ణన మానేశాం. ఫొటోలో రంగు మందం తెలియదు, బొమ్మ ఎంత పెద్దదో తెలియదు. కాబట్టి రెండుసార్లు వెళ్లండి. మొదటిసారి ఉత్త చేతులతో ఇరవై నిమిషాలు చూడండి. రెండోసారి కొలత, మాధ్యమం, సంవత్సరం రాసుకోండి. చిత్రకారుడు ఇంటర్వ్యూలో చెప్పినదాన్ని బొమ్మలో కనిపించినట్టు రాయకండి. ఎక్కువమంది జారేది అక్కడే.

తరగతిలో తెర కూడా ఇలాగే మోసం చేస్తుంది. అరచేతిలో పట్టే సూక్ష్మచిత్రం, గోడంత కుడ్యచిత్రం తెరమీద ఒకే సైజులో వస్తాయి. అసలు కొలతను పక్క గోడ మీద టేపుతో గీసి చూపించండి.

ఇక ప్రదర్శన. 1910లో లండన్‌లో సెజాన్, గొగాన్, వాన్ గో అనే చిత్రకారుల బొమ్మలను ఒకచోట చేర్చినప్పుడు విమర్శకుడు రోజర్ ఫ్రై 'పోస్ట్ ఇంప్రెషనిస్టు' అన్న పేరు పెట్టాడు. ప్రదర్శనకు పేరు కావలసి వచ్చి పుట్టిన మాట అది, కళాచరిత్రలో నిలిచిపోయింది. పేరుకు అంత బలం ఉంది కనుకనే, ముందే పేరు ఖాయం చేసుకుని దానికి సరిపోయే బొమ్మలు వెతకడం ప్రమాదం.

గదికి 1:20 నిష్పత్తిలో అట్ట నమూనా చేయండి. మీటరు బొమ్మ అందులో 5 సెంటీమీటర్లవుతుంది. ఏ ముదురు రంగు పక్కనున్న చిన్న బొమ్మను మింగేస్తోందో మేకు కొట్టకముందే తెలుస్తుంది. వ్యాసంలో ఎంతో నమ్మకంగా చేసిన పోలికలు చాలా ఈ అట్టపెట్టె దగ్గరే వీగిపోతాయి. బొమ్మ మధ్యభాగం నేల నుంచి సుమారు 150 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. వెలుతురును లక్స్‌లలో కొలుస్తారు; కాగితం మీది బొమ్మలకు 50 లక్స్, తైలవర్ణాలకు 200 లక్స్ మించకూడదు. వెలుతురు చేసే హాని రోజురోజుకూ పోగవుతుంది, చీకట్లో పెట్టినా తిరిగి నయం కాదు. నీటిరంగులను కొన్ని నెలలకే దింపేయడం అందుకే. నిలబడి చదివే లేబుల్‌కు 70 మాటలు చాలు.

బయటి నుంచి బొమ్మలు వచ్చిన పెట్టెను ఒక రోజు గదిలో ఉంచాకే తెరవండి. చల్లటి బొమ్మకు వెచ్చటి గాలి తగిలితే తేమ పడుతుంది. తెరవగానే కండిషన్ రిపోర్టు, అంటే బొమ్మ ఏ స్థితిలో ఉందో చెప్పే నివేదిక, ఫొటోలు తీసుకోండి. తిరిగి కట్టేటప్పుడూ మరోసారి తీసుకోండి. లేకపోతే గీత ఎప్పుడు పడిందో ఎవరూ తేల్చలేరు.

మీరు కూర్చిన ప్రదర్శన మీద మీరే సమీక్ష రాయకూడదు. గ్యాలరీ డబ్బిచ్చి రాయించుకున్న కేటలాగ్ వ్యాసాన్ని సమీక్షగా అచ్చు వేయించకూడదు. ఆ చిత్రకారుడి గురించి తర్వాతెప్పుడైనా రాస్తే, పాత సంబంధాన్ని మొదటి పేరాలోనే చెప్పండి.