ఎపిసోడ్ 47: ఫ్యామిలీకి ఏ క్రాసోవర్ కొనాలి (అని మొదలుపెట్టాం)

బావ: ఏరా, రికార్డ్ అవుతోందా? ఎర్ర లైటు వెలగట్లేదు.

బామ్మర్ది: వెలుగుతోంది బావా, నువ్వు చూసేది చార్జర్. అందరికీ నమస్కారం. పోయిన వారం ఇడ్లీ పాత్ర గురించి బావ అన్న మాటకి ఇంకా మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయి, దాని గురించి ఇవాళ మాట్లాడం.

బావ: మాట్లాడితే తప్పేంటి, నేనన్నది కరెక్టే కదా.

బామ్మర్ది: మాట్లాడం. ఇవాళ టాపిక్, హన్మకొండ నుంచి ఒకాయన అడిగారు, ఇంట్లో ఐదుగురం, అందులో ఇద్దరు పెద్దవాళ్లు, ఆన్‌రోడ్ (అంటే ట్యాక్సు, ఇన్సూరెన్సు అన్నీ కలిపి) 12 లక్షల్లోపు క్రాసోవర్ ఏది తీసుకోవాలి, రేటు ఎలా తగ్గించుకోవాలి అని.

బావ: స్టెప్నీ ఉన్నది తీసుకోమను.

బామ్మర్ది: ఇదిగో. నిమిషం కూడా కాలేదు.

బావ: నవ్వకురా. 2020లో రూల్ మార్చారు, ట్యూబ్‌లెస్ టైరు, ప్రెషర్ చూపించే సెన్సరు, పంక్చర్ కిట్టు ఉంటే స్టెప్నీ ఇవ్వక్కర్లేదని. కిట్టు మేకు దిగిన చిల్లుకి పనికొస్తది, టైరు పక్కన చీరితే ఏం చేస్తావ్, జిగురు పోసుకుని హైవే మీద కూర్చుంటావా? సూర్యాపేట తర్వాత ఈ విషయంలో మాట్లాడే హక్కు నాకు మాత్రమే ఉంది.

బామ్మర్ది: సూర్యాపేట ఎత్తొద్దు అనుకున్నాం.

బావ: నేను ఎత్తలా, ఊరి పేరు చెప్పా అంతే.

బామ్మర్ది: సరే. నా ఉద్దేశం ఏంటంటే అసలు ఈ క్రాసోవర్ అనే మాటకి భయపడక్కర్లేదు, చాలావరకు హ్యాచ్‌బ్యాక్‌ని కాస్త పైకి లేపి, కింద చుట్టూ నల్ల ప్లాస్టిక్ వేసి, ముందు మొహం కాస్త కోపంగా పెడితే అదే క్రాసోవర్. మారుతి ఫ్రాంక్స్ ఉంది కదా, అది బలెనో మీద కట్టిందే. అదే బండికి టయోటా బొమ్మ పెడితే టైజర్. ఇట్లా కవల బండ్లు ఉన్నప్పుడు రెండు షోరూముల్లోనూ కొటేషన్ తీసుకుని ఒకళ్లది ఇంకొకళ్లకి చూపించొచ్చు, ఇంతకంటే మంచి బేరం ఆయుధం లేదు.

బావ: ఇది మాత్రం బాగా చెప్పావ్.

బామ్మర్ది: ఇంకోటి, పెద్దవాళ్లున్నారన్నారు కాబట్టి, వాళ్లని షోరూముకి తీసుకెళ్లి మూడుసార్లు ఎక్కించి దింపండి. ఒకసారి కాదు. మా అమ్మకి మోకాళ్లు కదా, మామూలు కారులోకైతే వంగి కూలబడాలి, పెద్ద ఎస్‌యూవీకైతే అరుగు ఎక్కినట్టు ఎక్కాలి. సీటు సరిగ్గా నడుం ఎత్తులో ఉండి, పక్కకి జరిగి కూర్చునేలా ఉంటే ఆవిడ మొహమే చెప్పేస్తది. ఆవిడ డోర్ పైన హ్యాండిల్ కోసం చెయ్యి వెతుక్కుంటే ఆ బండి వద్దు.

బావ: నువ్వూ బండి కొనాలనుకుంటున్నావ్ కదా, అత్తయ్య సీటు సంగతి పక్కన పెట్టు, అసలు అత్తయ్య కొననిస్తేగా. ఇప్పుడు ఆషాఢం.

బామ్మర్ది: అబ్బా. మొదలెట్టావా.

బావ: రేటు తగ్గించుకోవడం ఎలా అని కదా అడిగారు? అదే చెప్తన్నా. మన దగ్గర ఆషాఢంలో ఎవడూ బండి కొనడు, షోరూములు ఖాళీ. ఈ ఏడు జ్యేష్ఠం రెండుసార్లు వచ్చింది, అధికమాసంలోనూ ఎవడూ కొనలా, ఆషాఢం జరిగి జరిగి జులై మధ్యకి వచ్చింది, దాంతో జులై నెలాఖరు కూడా ఆషాఢంలోనే పడింది. సేల్స్ వాడికి నెలాఖరు టార్గెట్ ఒకపక్క, ఆషాఢం ఒకపక్క. ఇంతకంటే మంచి టైం దొరకదు.

బామ్మర్ది: దానికి అమ్మ ఒప్పుకుంది కదా, బయానా ఇచ్చేసి శ్రావణంలో బండి తెచ్చుకోమని.

బావ: బయానాకి డిస్కౌంట్ రాదురా! ఎన్నిసార్లు చెప్పాలి. ఈ నెల ఆఫర్ కావాలంటే ఈ నెల తేదీతో ఇన్‌వాయిస్ పడాలి, అప్పుడే డీలర్‌కి కంపెనీ నుంచి ఆ డబ్బులు వెనక్కి వచ్చేది. 5,000 ఇచ్చి రసీదు తెచ్చుకుంటే శ్రావణంలో వాడు ‘సార్, ఆ స్కీమ్ అయిపోయింది’ అంటాడు.

బామ్మర్ది: మరి ఇన్‌వాయిస్ పడితే కొన్నట్టే కదా?

బావ: కాదు. తాళం చేతికొచ్చి, నిమ్మకాయల మీదుగా చక్రం తిరిగితే కొన్నట్టు.

బామ్మర్ది: నువ్వెవరు చెప్పడానికి? ఇన్‌వాయిస్ మీద పేరు ఎవరిది, ఇన్సూరెన్స్ ఎవరిది, రిజిస్ట్రేషన్ ఎవరిది? చట్టం దృష్టిలో నువ్వు ఓనర్‌వి అయిపోయావ్, పంచాంగం దృష్టిలో మాత్రం అవ్వలేదా? యముడికి ఇన్‌వాయిస్ చూపిస్తావా, నిమ్మకాయ చూపిస్తావా?

బావ: (నవ్వు) పంతుల్ని అడిగా. డెలివరీయే ముఖ్యం అన్నాడు.

బామ్మర్ది: ఏ పంతులు? మీ గృహప్రవేశానికి రెండు గంటలు లేటుగా వచ్చినాయనా?

బావ: ఆయన్నేమీ అనకు.

బామ్మర్ది: సరే డబ్బు లెక్కే చూడు. ఇన్‌వాయిస్ చేయించి 20 రోజులు బండి వాళ్ల యార్డులో పెట్టావ్, ఇన్సూరెన్స్ ఆ రోజు నుంచే నడుస్తోంది, ఆ రోజులు బూడిదలో పోసినట్టే కదా.

బావ: ఓన్ డ్యామేజ్, అంటే మన బండికి దెబ్బ తగిలితే ఇచ్చేదాని ప్రీమియం 25,000 అనుకో, 20 రోజులకి ఎంతరా, 1,370. దాని కోసం 45,000 డిస్కౌంట్ వదులుకుంటానా? డెలివరీ రోజు ఓడోమీటరు ఫోటో తీస్కో, పగటి వెలుగులో చుట్టూ చూస్కో, గీత ఉంటే అక్కడే రాయించు, అయిపోయె.

బామ్మర్ది: 45,000 అన్నావ్ కదా. నువ్వే అన్నావ్. పోయినేడు ఆషాఢంలో నువ్వు మిగిలించింది కూడా అంతే కదూ?

బావ: …ఇప్పుడది ఎందుకు.

బామ్మర్ది: శ్రోతలకి తెలియాలి. మా బావ 2025 జులైలో, ఆషాఢం ఆఫర్‌లో, ఎక్స్-షోరూమ్ (అంటే రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కలపకముందు) 9 లక్షల బండి తీసుకున్నాడు. అప్పుడు నాలుగు మీటర్లలోపు చిన్న పెట్రోలు బండికి జీఎస్టీ 28, సెస్సు 1, మొత్తం 29 శాతం. సెప్టెంబర్ 22 నుంచి అదే బండికి 18. లెక్కేస్తే 77,000 దాకా తగ్గాలి. నిమ్మకాయ తడారకముందే.

బావ: ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి చెప్పేదాకా ఎవడికి తెలుసురా?

బామ్మర్ది: అమ్మకి తెలుసు. ‘ఆషాఢం వద్దు నాయనా’ అంది.

బావ: అత్తయ్యకి జీఎస్టీ కౌన్సిల్ ఫోన్ చేసి చెప్పిందా? (నవ్వు) ఆవిడ ఇప్పటికీ నా బండి ఎక్కినప్పుడల్లా డాష్‌బోర్డు ఇట్లా నిమిరి, ‘బాగానే ఉందిలే, రేటే కాస్త తొందరపడ్డారు’ అంటది.

బామ్మర్ది: నిజం చెప్పాలంటే అమ్మది జ్యోతిషం కాదు బావా. నాన్న స్కూటర్ ఆషాఢంలోనే కొన్నాడు, నీకు తెలుసు కదా. వారం తిరక్కుండా గుడివాడ గేటు దగ్గర పడ్డాడు, శ్రావణమాసం అంతా కాలికి కట్టుతో మంచం మీద. ఆ ఏడు అమ్మ వరలక్ష్మీ వ్రతం చెయ్యలా. ఇప్పటికీ ఆ మాట వస్తే కాసేపు ఏం మాట్లాడదు.

బావ: …తెలుసు.

బామ్మర్ది: అందుకే వాదించను నేను.

బావ: కానీ ఆ స్కూటరే కదరా ఇరవై ఏళ్లు నడిచింది.

బామ్మర్ది: నడిచింది.

బావ: దానికి స్టెప్నీ ఉండేది.

బామ్మర్ది: (నవ్వు) ఛీ. సరే, ఆ హన్మకొండ ఆయన లైన్లోంచి వెళ్లిపోయుంటాడు. బేరం సంగతి గబగబా చెప్పేద్దాం. ఎక్స్-షోరూమ్ మీద గింజుకోకండి, ఆన్‌రోడ్ కాగితంలో కింద వరసలు చూడండి. హ్యాండ్లింగ్ చార్జెస్ అని ఉంటే పెన్నుతో కొట్టేసి వాడి వైపు జరపండి. ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గరే తీసుకోవాలని రూలేం లేదు, బయట కోట్ తెచ్చి చూపిస్తే అక్కడికక్కడే తగ్గుద్ది. థర్డ్ పార్టీ, అంటే ఎదుటివాళ్లకి జరిగే నష్టానిది, మూడేళ్లది ఎలాగూ తప్పదు, ఓన్ డ్యామేజ్ ఏడాదికే తీసుకోవచ్చు.

బావ: పాత బండి అమ్ముతుంటే నో క్లెయిమ్ బోనస్, అదే క్లెయిమ్ చెయ్యనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, మర్చిపోవద్దు. బోనస్ బండిది కాదు, నీది. 50 శాతం దాకా కొత్తదానికి తెచ్చుకోవచ్చు.

బామ్మర్ది: అవును. ఆ తర్వాత యాక్సెసరీల కిట్టు. మ్యాట్లు, మడ్ ఫ్లాప్స్, సెంటు సీసా, ఒక బుల్లి వినాయకుడు, అన్నీ కలిపి 18,000 అని రాశాడు నాకు సేల్స్ ఆయన. వినాయకుడి రేటు విడిగా చెప్పమన్నా. మొహం చూడాలి. ‘మేనేజర్‌ని అడిగొస్తా సార్’ అని అద్దాల గదిలోకి వెళ్లాడు, మేనేజర్ ఫోన్ చూస్తున్నాడు, వీడు రెండు నిమిషాలు గోడ మీద క్యాలెండర్ చూసి బయటికొచ్చి ‘సార్ చాలా కష్టం మీద ఒప్పుకున్నారు’ అన్నాడు. వాళ్లిద్దరూ అసలు మాట్లాడుకోలేదు బావా, నేను చూస్తూనే ఉన్నా.

బావ: (నవ్వు) నువ్వేం చేశావ్?

బామ్మర్ది: లేచా. లేవడమే. తాళాలు తీసి జేబులో వేసుకుంటే ఇంకో 6,000 తగ్గింది, మెట్లు దిగుతుంటే మ్యాట్లు ఫ్రీ అయ్యాయి.

బావ: 10 లక్షల గీత గురించి చెప్పు.

బామ్మర్ది: ఎక్స్-షోరూమ్ 10 లక్షలు దాటితే 1 శాతం టీసీఎస్, అంటే ఇన్‌కమ్ ట్యాక్స్ కింద ముందే పట్టుకునేది, కట్టించుకుంటారు, అది రిటర్న్ వేసినప్పుడు లెక్కలోకి వస్తది, పోదు. కానీ తెలంగాణలో రిజిస్ట్రేషన్ అప్పుడు ఒకేసారి కట్టే లైఫ్ ట్యాక్స్ స్లాబ్ కూడా అక్కడే మారుద్ది, అది పోతే పోయినట్టే. 10.10 లక్షల వేరియంటు, 9.90 లక్షల వేరియంటు మధ్య సన్‌రూఫ్ ఒక్కటే తేడా అయితే ఆలోచించుకోండి.

బావ: ఇంతకీ నువ్వు ఏది తీసుకుంటున్నావ్రా?

బామ్మర్ది: ఆషాఢంలో ఇన్‌వాయిస్ చేయించకుండా ఏది ఇస్తే అది.

బావ: 45,000 వదులుకుని?

బామ్మర్ది: వదులుకుని.

బావ: మొండి ఘటం. అమ్మ పోలికే. …ఎవరిదా ఫోను?

బామ్మర్ది: సేల్స్ ఆయనే. ఇవాళ ఇది నాలుగోసారి.

బావ: ఎత్తు. స్పీకర్‌లో పెట్టు. స్టెప్నీ ఉందా అడుగు.

బామ్మర్ది: రికార్డ్ అవుతోంది బావా—

బావ: అడుగురా.