మెరక, పల్లం, టోపోగ్రఫీ

శ్రోతలందరికీ నమస్కారం.

ఈ మధ్య మా అక్క కూతురు కళ్లద్దాలు తీసేయించుకుందామని మేముండే బెంగళూరులోనే ఒక కంటి ఆసుపత్రికి వెళ్లింది. లేసిక్ ఆపరేషన్‌కు ముందు టోపోగ్రఫీ తీయాలన్నారట. ఇంటికొచ్చి, "మామా, టోపోగ్రఫీ అంటే కొండలు, లోయలు కదా! నా కంట్లో అవెందుకున్నాయి?" అని అడిగింది. మంచి ప్రశ్న. ఈ రోజు ఆ మాట గురించే నాలుగు ముక్కలు చెబుతాను.

గ్రీకు భాషలో టోపోస్ అంటే చోటు, గ్రాఫీన్ అంటే రాయడం. ఒక చోటు ఎలా ఉందో రాసిపెట్టడమే టోపోగ్రఫీ. ఎక్కడ మెరక, ఎక్కడ పల్లం, వాగు ఎటు తిరుగుతుంది, దారి ఎలా పోతుంది, ఇవన్నీ అందులోకి వస్తాయి. తెలుగులో స్థలాకృతి అంటున్నాం.

ఎత్తును కాగితం మీద చూపించడానికి కాంటూరు గీతలు గీస్తారు. ఒకే ఎత్తులో ఉన్న చోట్లన్నిటినీ కలిపే గీత అది. ఎండాకాలం చెరువు ఎండేకొద్దీ లోపలి ఒడ్డు చుట్టూ ఒకదాని కింద ఒకటి చారలు పడతాయి, చూసే ఉంటారు. అచ్చం అలాంటివే. గీతలు దగ్గర దగ్గరగా ఉంటే ఆ నేల నిటారు, ఎడంగా ఉంటే వాలు తక్కువ. కంటి పరీక్షలోనూ ఇదే లెక్క. కంటి ముందుభాగంలో ఉండే పారదర్శకమైన పొర కార్నియా. వెలుగు వలయాలను దాని మీద పడేసి, వాటి ప్రతిబింబాన్ని ఫొటో తీస్తారు. వలయాలు దగ్గరపడిన చోట వంపు ఎక్కువ. కార్నియా పలచబడి శంకువులా ముందుకు వస్తున్నవాళ్లకు లేసిక్ చేయకూడదు. అందుకే ముందు ఈ పటం తీస్తారు.

నేల విషయానికొస్తే, మన దేశంలో ఈ పని 1767లో మొదలైన సర్వే ఆఫ్ ఇండియాది. వాళ్ల టోపోషీట్లలో, అంటే స్థలాకృతి పటాల్లో, ఎక్కువగా వాడే రకంలో కాగితం మీద 2 సెంటీమీటర్లంటే నేల మీద ఒక కిలోమీటరు. గీతకూ గీతకూ మధ్య సాధారణంగా 20 మీటర్ల ఎత్తు తేడా. కొండ మీదికి రోడ్డు వేయాలన్నా, డ్యామ్ కడితే ఏ ఊళ్లు మునుగుతాయో చూడాలన్నా ముందు పరిచేది ఆ షీటే. కానీ ఇల్లు మునగడానికి 20 మీటర్లు అక్కర్లేదు. రెండడుగులు చాలు.

అది నాకు 2022 సెప్టెంబరు వానల్లో తెలిసింది. అప్పుడు బెంగళూరు అవుటర్ రింగ్ రోడ్డు వైపు ఒక ఇంట్లో కింది అంతస్తులో అద్దెకుండేవాళ్లం. గాలి, వెలుతురు చూసుకుని చేరాం. ఒక రాత్రి కురిసిన వానకు తెల్లారేసరికి ఇంట్లో మోకాలి లోతు నీళ్లు. బియ్యం, పరుపులు, పిల్లల పుస్తకాలు అన్నీ పోయాయి. ఎదురింటి వాళ్ల గుమ్మం మాత్రం తడవలేదు. వాళ్లది కాస్త మెరక, అంతే.

సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున్న బెంగళూరు ఎందుకు మునుగుతుందని చాలామంది అడుగుతారు. ఎత్తులో ఉన్నంత మాత్రాన నేల సమంగా ఉన్నట్టు కాదు. ఊరి మధ్యన ఉత్తర దక్షిణాలుగా ఒక మిట్ట సాగుతుంది. దానికి పడమర పడిన చినుకు వృషభావతి, అర్కావతి మీదుగా కావేరికి పోతుంది. తూర్పున పడింది చాలావరకు బెళ్లందూరు, వర్తూరు చెరువుల మీదుగా దక్షిణ పినాకినికి చేరుతుంది. పూర్వీకులు ఈ వాలు చూసే గొలుసుకట్టు చెరువులు కట్టారు. పై చెరువు అలుగు పారితే ఆ నీళ్లు కాలువ వెంట కింది చెరువుకు. ఆ కాలువలను ఇక్కడ రాజకాలువలంటారు. ధర్మాంబుధి చెరువు ఉన్నచోట ఇప్పుడు మెజెస్టిక్ బస్టాండు ఉంది, సంపంగి చెరువు చోట కంఠీరవ స్టేడియం. చెరువు పోయింది గానీ పల్లం పోలేదు. నీరు పల్లమెరుగు అని మనవాళ్లు ఊరికే అనలేదు. ఊళ్ల పేర్లూ ఈ సంగతి చెబుతాయి. అరకెరెలో కెరె అంటే చెరువు. కొత్తనూరు దిన్నెలో దిన్నె మన సీమలో అనే దిన్నే, అంటే మెరక.

మాది హిందూపురం దగ్గర పల్లె. మేం ఇల్లు మారేటప్పుడు మా నాన్న వచ్చారు. లోపలికి అడుగు పెట్టకముందే వీధి చివరదాకా నడిచారు. మురికి కాలువ ఎటు వాలింది, గోడల మీద పాత నీటి చారలున్నాయా, పక్కింటివాళ్లు గడప ఎందుకు ఎత్తు లేపారు, అన్నీ చూశారు. టీ కొట్టు పెద్దాయన్ని పలకరించి, వానొస్తే ఇక్కడ నీళ్లు నిలుస్తాయా అని అడిగారు. ఆ తర్వాతే అడ్వాన్స్ ఇవ్వమన్నారు. ఆయన టోపోషీటు ఎప్పుడూ చూడలేదు. కానీ గోడ మీద నీటి చార కూడా ఒక కాంటూరు గీతే కదా!

బెంగళూరుకు ఉత్తరాన నంది హిల్స్ ఉన్నాయి. ఆ కొండల ప్రాంతంలోనే ఉత్తర పినాకిని, అంటే మన పెన్న, పుట్టి హిందూపురం మీదుగా కడప సీమ దాటి నెల్లూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. అక్కడే పుట్టే దక్షిణ పినాకిని తమిళనాడులోకి దిగి కడలూరు దాకా పోతుంది. అర్కావతి కూడా అక్కడే పుట్టి కావేరిలో కలుస్తుంది. నంది హిల్స్‌లో పెద్ద వాన పడిందని ఫోన్‌లో చెబితే మా నాన్న ఎంత పడిందని అడగరు.

"ఏ పక్క పడిందిరా?" అంటారు.

నమస్కారం.