టీమ్ ఈజ్ అనాలా, టీమ్ ఆర్ అనాలా?

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే మారతహళ్లి దాకా ఇంతమంది వచ్చినందుకు చాలా సంతోషం. మీలో ఎక్కువమంది చిత్తూరు, అనంతపురం, కడప వైపు నుంచి బెంగళూరు వచ్చి ఐటీలో పనిచేస్తున్నవాళ్లే కాబట్టి, మీరు రోజూ రాసే మెయిల్ నుంచే మొదలుపెడతాను.

టీమ్, కమిటీ, ఫ్యామిలీ, జ్యూరీ. ఇలా ఒక గుంపు మొత్తాన్ని ఒకే మాటలో చెప్పే పేర్లని కలెక్టివ్ నౌన్స్ అంటారని బడిలోనే చదివాం. అయినా 'ద టీమ్ ఈజ్' అని రాయాలా, 'ద టీమ్ ఆర్' అని రాయాలా అనేసరికి టైప్ చేస్తున్న చెయ్యి ఆగిపోతుంది. రెండూ సరైన ఇంగ్లీషే. జట్టంతటినీ కలిపి ఒక్కటిగా చూస్తే ఈజ్, అందులోని మనుషుల్ని విడివిడిగా చూస్తే ఆర్. అమెరికావాళ్లు దాదాపు ఎప్పుడూ ఈజ్ అనే అంటారు, బ్రిటిష్ వాళ్లు సందర్భాన్ని బట్టి రెండూ వాడతారు. క్రికెట్ కామెంటరీలో 'ఇండియా ఆర్ బ్యాటింగ్' అని వింటుంటాం కదా, అక్కడ ఇండియా అంటే ఆడుతున్న జట్టు. అదే దేశం గురించి రాస్తే 'ఇండియా ఈజ్' అనే రాయాలి.

ఏది ఎంచుకున్నా వాక్యం చివరిదాకా దాన్నే పట్టుకోండి, దయచేసి. 'ద కమిటీ హాజ్ మెట్ అండ్ హావ్ డిసైడెడ్' లాంటి వాక్యం చదివితే, రాసినవాళ్లకి మధ్యలో మనసు మారిందని ఇట్టే తెలిసిపోతుంది. ఈజ్ అన్నప్పుడు 'ద టీమ్ విచ్', ఆర్ అన్నప్పుడు 'ద టీమ్ హూ', అదీ దాని వెంటే మారుతుంది. క్లయింట్ అమెరికాలో ఉంటే ఈజ్ పెట్టేయండి. మనుషుల గురించే చెప్పాలంటే 'టీమ్ మెంబర్స్ ఆర్' అని రాస్తే ఇక ఏ టెన్షనూ లేదు.

పోలీస్ దగ్గర మాత్రం మనకి ఛాయిస్ లేదు, 'ద పోలీస్ హావ్' అనే అనాలి. తెలుగులో పోలీసుకి 'లు' చేర్చి పోలీసులు అంటాం గనక, పోలీస్ అనగానే ఒక్కడే అనిపించి 'హాజ్' వచ్చేస్తుంది. 'పీపుల్' కూడా అంతే, మనం 'జనం వచ్చారు' అన్నట్టే.

ఫర్నిచర్, లగేజ్ మాత్రం కలెక్టివ్ నౌన్స్ కోవలోకి రావు. టీమ్‌కి టీమ్స్ ఉంది, ఫర్నిచర్‌కి ఫర్నిచర్స్ లేదు, తేడా అక్కడే తెలుస్తుంది. 'అవర్ స్టాఫ్స్' అని మెయిల్స్‌లో తెగ కనిపిస్తుంది, ఒకే ఆఫీసువాళ్లైతే స్టాఫ్ చాలు.

ఇక సింహాల గుంపుని 'ప్రైడ్' అనాలి, కాకుల గుంపుని 'మర్డర్' అనాలి అని పిల్లల చేత బట్టీ పట్టించే పేర్ల గురించి. ఇలాంటి పేర్ల జాబితా 1486లో ఇంగ్లండ్‌లో అచ్చయిన ఒక వేట పుస్తకంలోనే ఉంది. సరదాగా చదవనివ్వండి, కానీ కాకుల మాట మర్చిపోయారని మార్కులు కోయడం అన్యాయం. రోజువారీ ఇంగ్లీషుకి ఫ్లాక్, హెర్డ్, బంచ్ చాలు.

ఇప్పుడు ఫోన్లు తీసి ఈ వారం పంపిన మెయిల్ ఒకటి తెరవండి. టీమ్ పక్కన ఏం పెట్టారో ఒక్కొక్కరూ చదవండి, చూద్దాం.