దుబ్బు తట్టాలి

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! చిన్న రైతుల కోసం, చేను ఫోటో చూసి పురుగేదో చెప్పే యాప్ తయారుచేస్తామని వచ్చారు, సంతోషం. ముందు ఒకసారి మందుల షాపు దాకా వెళ్లొద్దాం.

వరి ఎండుతోందని రైతు రెండు దుబ్బులు పీకి సంచిలో వేసుకొస్తాడు. షాపాయన చూసీ చూడకుండానే రెండు డబ్బాలు కౌంటర్ మీద పెడతాడు. డబ్బులు పంటయ్యాక ఇద్దువులే అంటాడు. కిసాన్ కాల్ సెంటర్ 2004 నుంచీ ఉంది. 1800-180-1551కి ఫోన్ చేస్తే పైసా ఖర్చు లేకుండా తెలుగులోనే చెబుతారు. అయితే ఫోన్లో చెప్పినాయన ఖాతా రాయడు కదా! అప్పు ఎక్కడ పుడితే సలహా అక్కడే వినాల్సి వస్తోంది.

ఇక వరిని ఎండబెట్టే పురుగు, సుడిదోమ సంగతి. అది నీళ్లకు కాస్త పైన, దుబ్బు మొదట్లో గుంపుగా చేరి రసం పీలుస్తుంది. గట్టు మీద నిలబడి ఫోటో తీస్తే మీ యాప్‌కు పచ్చటి చేనే కనబడుతుంది. మడిలోకి దిగాలి, వంగాలి, దుబ్బు తట్టాలి. నీళ్ల మీద రాలిన దోమల్ని లెక్కపెట్టాలి. దోమను తినే సాలీళ్లు ఎన్నున్నాయో కూడా చూడాలి. తొందరపడి మందు కొడితే అవీ పోతాయి, ఆనక దోమకు అడ్డేముంది?

ఇండోనేషియాకు ఇది బాగా నష్టపోయాక తెలిసింది. 1986లో వరి మీద 57 రకాల పురుగుమందులు నిషేధించారు. 1989లో రైతుల్ని వారం వారం మడిలోనే కూర్చోబెట్టి నేర్పడం మొదలుపెట్టారు. మన పొలంబడికి మూలం అదే. చూసిన పురుగుల్ని చార్టు మీద బొమ్మలేసి, మందు కొట్టాలా వద్దా అని రైతులే తేల్చుకుంటారు. ఓసారి ఒక పెద్దాయన సాలీడుకు ఆరు కాళ్లు వేస్తే, పక్కనున్నావిడ “ఎనిమిది మావా” అని మిగతా రెండూ తనే గీసింది. ఆ చార్టు ముందు నేను మాట్లాడాల్సిన పని లేకపోయింది.

జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో 2008 నుంచి దళిత మహిళలు సంఘం రేడియో నడుపుతున్నారు, తమ యాసలోనే. మీ యాప్‌లో వినబడే గొంతు కూడా అలా ఊరి గొంతై ఉండాలి. ఫోటో అడిగే ముందు “దుబ్బు తట్టావా? ఎన్ని రాలాయి?” అని అడగాలి.

రేపు పొద్దున ఆరింటికి మడి దగ్గర కలుద్దాం. ప్యాంట్లు మోకాళ్ల దాకా మడుచుకోండి. ఫోన్లు గట్టు మీదే పెట్టేయండి.