మందుకే ఎందుకింత చోటు? స్టూడియో చర్చ

(2025 చివర్లో, తెలంగాణలో కొత్త వైన్స్ షాపుల డ్రా ముగిశాక హైదరాబాద్ స్టూడియోలో జరిగిన చర్చ నుంచి)

యాంకర్: గంజాయి దొరికితే జైలు. మందు మాత్రం వీధి చివరే దొరుకుతుంది. బోనాలకు అమ్మవారికి కల్లు సాక పోస్తాం. సంస్కృతిలో ఉంది కాబట్టే ఇంతగా పాకిందంటారా?

చరిత్ర అధ్యాపకుడు: అంతకంటే ముందు సంగతి చూడాలి. ఈత చెట్టుకు కుండ కట్టండి. ఎవరూ ఏమీ కలపకపోయినా గంటల్లో పులుస్తుంది. ద్రాక్ష, బియ్యం, ఇప్పపువ్వు... తీపో పిండో ఉన్నచోటల్లా మత్తు తయారైంది. నల్లమందుకైతే గసగసాల మొక్కే కావాలి...

మహిళా ఉద్యమకారిణి: పులిస్తే పాకలేదు సార్, అమ్మితే పాకింది! 2,620 దుకాణాలు చెట్టుకు కాశాయా?

యాంకర్: అమ్మా, సార్‌ను పూర్తి చెయ్యనివ్వండి.

ఉద్యమకారిణి: 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ఎత్తేశారు. ఎందుకు? ఖజానా కోసం! ఇప్పుడు దరఖాస్తుకే 3 లక్షలు, షాపు రాకపోయినా తిరిగివ్వరు.

డాక్టర్: ఒక్క మాట. మందు గంజాయి కంటే తేలికని జనం అనుకుంటారు. రోజూ బాగా తాగేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణమే పోవచ్చు. ఆల్ప్రజోలం అనే మత్తు మందు కలిపిన కల్లుకు అలవాటుపడ్డవాళ్లదీ...

ఉద్యమకారిణి: జూలైలో కూకట్‌పల్లిలో జనం చనిపోయింది అలాంటి కల్తీ కల్లు తాగే కదా!

యాంకర్: కానీ దావత్ అంటే మందే కదా? మళ్లీ సంస్కృతి దగ్గరికే వస్తున్నాం...

అధ్యాపకుడు: సంస్కృతే అయితే గంజాయి ఆకుతో చేసే భంగు మాటేమిటి? 1985 మాదకద్రవ్యాల చట్టంలో గంజాయి అంటే పూత. ఆకు అందులోకి రాదు. ఉత్తరాదిలో హోలీకి...

యాంకర్: అదే నేనూ అంటున్నాను సార్, పండుగలో ఉంటే చట్టం కూడా వదిలేస్తుంది!

ఉద్యమకారిణి: సాక పోసేది చెంబెడు! తాగించేది సీసాలకు సీసాలు. కూలి డబ్బు సాయంత్రానికి వైన్స్ పక్కన పర్మిట్ రూమ్‌లో అయిపోతే ఇంట్లో పిల్లలకు ఏం పెట్టాలి? దానికి బోనాల పేరు చెప్పకండి.

(ముగ్గురూ ఒకేసారి మాట్లాడారు. డాక్టర్ గారి మాట అసలు వినపడలేదు. డీఅడిక్షన్ సెంటర్ల గురించి ఆయన చెప్పబోయింది ఎవరూ మళ్లీ అడగలేదు.)

యాంకర్: చివరి 30 సెకన్లు డాక్టర్ గారికి...

ఉద్యమకారిణి: నేను ఒక్కటే చెప్తాను. గుడి దగ్గరా, బడి దగ్గరా...

యాంకర్: టైమ్ అయిపోయింది అమ్మా. బ్రేక్ తర్వాత కలుద్దాం.