టమాటా నారు, పాల ప్యాకెట్టు

శ్రోతలకు నమస్కారం. రోహిణి కార్తె ఎండలకు మిద్దె మీద కాలు పెట్టలేకపోతున్నాం గానీ, నారు పోసుకోవడానికి ఇదే అదను. ఇప్పుడు పోస్తే ఆరుద్ర కార్తెకి మొక్క నాటడానికి వస్తుంది. అయితే పోయడానికీ నాటడానికీ నడుమ ఒక పనుంది: ట్రేలో మొలిచిన ఒక్కో మొక్కనీ తీసి ఒక్కో పాల ప్యాకెట్టులోకి మార్చడం. దాన్ని చాలామంది ఎగ్గొడతారు. నేనూ ఎగ్గొట్టాను.

మొదటి ఏడాది టమాటా విత్తనాలు ట్రేలో వేసి నీడపట్టున పెట్టాను. వెలుతురు చాలక దారప్పోగుల్లా సాగాయి. ఓపిక పట్టలేక సగం మొక్కలు అప్పుడే పీకి పెద్ద కుండీల్లో పెట్టేశాను. రాత్రి ఒక వాన పడింది. తెల్లారి చూస్తే అన్నీ మట్టికి కరుచుకుని పడి ఉన్నాయి. ఒక్కటీ లేవలేదు.

ఆ వారమే ఊరి నుంచి మా మేనత్త వచ్చింది. ట్రేలో మిగిలిన నారు చూసి, "పాల ప్యాకెట్లు పారేస్తున్నార్రా, దాస్తున్నారా?" అంది. అర లీటరువి పద్దెనిమిది దొరికాయి. కడిగి, పైన తెరిచి, నీళ్ళు దిగడానికి అడుగున రెండు మూలలూ కత్తిరించింది. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు సమానంగా కలిపి గుప్పెడు వేపపిండి చల్లింది. పిడికిట పడితే ముద్ద కట్టాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. అంత తడి చాలు.

మొక్క తీయడానికి నేను కాడ పట్టుకున్నాను. చేతి మీద ఒక్కటేసింది. "ఆకు పట్టుకోరా. ఆకు పోతే ఇంకోటి వస్తుంది. కాడ నలిగితే మొక్కే పోతుంది." ఈ ఒక్క మాట గుర్తుంటే మిగతాది మరిచిపోయినా పరవాలేదు. ఆకు పట్టుకోవాలి, కాడ కాదు. చెంచా పిడిని వేళ్ళ కిందికి పోనిచ్చి, మట్టితో సహా పైకి లేపాలి.

టమాటాని మాత్రం మొదటి రెండు విత్తనపు ఆకుల దాకా మట్టిలో దించేయండి. మట్టిలో ఉన్న కాడంతా వేళ్ళు వేస్తుంది, సాగిపోయిన మొక్క నిలదొక్కుకుంటుంది. వంగ, మిరప మాత్రం ట్రేలో ఎంత లోతున ఉన్నాయో అంతే. బీర, సొరలకు ఈ తంటా వద్దు, వేరు కదిలితే అలుగుతాయి. తిన్నగా పాదులోనే విత్తుకోండి.

నేరుగా పెద్ద కుండీలోనే పెడితే ఏం అంటారా? చిన్న వేరు తాగలేనన్ని నీళ్ళు పెద్ద కుండీ పట్టుకుంటుంది. వేరు కుళ్ళుతుంది. ప్యాకెట్టులో ఆ బెడద తక్కువ.

ఈ పని సాయంత్రం పూట చేయండి. మూడు రోజులు నీడ, తర్వాత పొద్దుటెండ ఒక గంట, ఆపైన రోజుకి కాస్త కాస్త పెంచండి. రెండు మూడు వారాలకి కత్తిరించిన మూలల్లోంచి తెల్లటి వేళ్ళు తొంగి చూస్తాయి. అప్పుడు నాటుకోవాలి. ప్యాకెట్టు లాగకండి, బ్లేడుతో నిలువునా చీరండి. మట్టి గడ్డ చెదరకుండా వస్తుంది.

ఆ ఏడాది పద్దెనిమిదింటిలో పదహారు నిలిచాయి. రెండింటిని కోతులు పీకాయి. కోతులకు మా మేనత్త దగ్గర కూడా ఉపాయం లేదు.