ఇన్‌స్టాల్ చేసిన లినక్స్ తెరుచుకోకపోతే ఏం చూడాలి?

(తెర మీద: నల్లని స్క్రీన్, మూలలో మెరిసే చిన్న గీత)

నమస్కారం. శ్రీకాకుళం నుంచి మాట్లాడుతున్నాను. ఇన్‌స్టాలేషన్ పూర్తయిందన్న సందేశం చూసి, పెన్‌డ్రైవ్ తీసి రీస్టార్ట్ చేశాక లినక్స్ తెరుచుకోకపోతే, చాలామంది కంగారుపడి మళ్లీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేస్తారు. దయచేసి ఆ తొందర వద్దు. కారణం తెలియకుండా చేస్తే అదే తప్పు మళ్లీ జరుగుతుంది. పొరపాటున వేరే పార్టిషన్ (డిస్కులోని భాగం) ఎంచుకుంటే ఉన్న ఫైళ్లు కూడా పోతాయి.

కంప్యూటర్ ఆన్ చేయగానే, మదర్‌బోర్డులోనే ఉండే ఫర్మ్‌వేర్ అనే ప్రోగ్రామ్ గ్రబ్ అనే బూట్‌లోడర్‌ను, అంటే లినక్స్‌ను మొదలుపెట్టే చిన్న ప్రోగ్రామ్‌ను, తెరుస్తుంది, గ్రబ్ లినక్స్ ప్రధాన భాగమైన కెర్నల్‌ను మెమరీలోకి తెస్తుంది, కెర్నల్ లినక్స్ ఫైళ్లుండే రూట్ పార్టిషన్‌ను అందుకొని మిగతా పనిని, సేవలన్నిటినీ మొదలుపెట్టే సిస్టమ్‌డీకి అప్పగిస్తుంది. తెర మీద చివరగా ఏం కనిపించిందో చూస్తే వీటిలో ఏది తప్పిందో తెలుస్తుంది.

(తెర మీద: బూట్ మెనూలో ఒకే పెన్‌డ్రైవ్ రెండు పేర్లతో)

విజయనగరంలో ఇంజనీరింగ్ చదువుతున్న మా మేనకోడలు విండోస్ పక్కన లినక్స్ వేసుకుంటే, గ్రబ్ మెనూ ఊసే లేకుండా ప్రతిసారీ విండోస్ తెరుచుకునేది. ఫర్మ్‌వేర్ కంప్యూటర్‌ను మొదలుపెట్టే పద్ధతులు రెండు: కొత్తది యూఈఎఫ్ఐ, పాతది లెగసీ బయోస్. ఆ విండోస్ యూఈఎఫ్ఐ పద్ధతిలో ఉంది; పెన్‌డ్రైవ్ మాత్రం పాత లెగసీ బయోస్ పద్ధతిలో బూట్ అయింది. నేను ఎక్కువగా చూసిన పొరపాటు ఇదే. బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ పేరు రెండుసార్లు కనిపిస్తే, పేరుకు ముందు యూఈఎఫ్ఐ అని ఉన్నదాన్నే ఎంచుకోవాలి. లైవ్ సెషన్‌లో, అంటే పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లినక్స్‌లో, సిస్ ఫోల్డర్‌లోని ఫర్మ్‌వేర్‌లో ఈఎఫ్ఐ అనే ఫోల్డర్ ఉంటే, యూఈఎఫ్ఐ పద్ధతిలోనే బూట్ అయినట్టు.

ఆ తరువాత, గ్రబ్‌ను యూఈఎఫ్ఐ పద్ధతిలో మళ్లీ వేయడానికి, లినక్స్ రూట్ పార్టిషన్‌ను మౌంట్ చేసి (అంటే అందులోని ఫైళ్లు అందేలా జోడించి), దాని బూట్ ఫోల్డర్ కింద ఈఎఫ్ఐ పార్టిషన్‌ను, అంటే ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉండే చిన్న భాగాన్ని, మౌంట్ చేయాలి. డెవ్, ప్రాక్, సిస్ అనే సిస్టమ్ ఫోల్డర్లను కూడా జోడించి, సీహెచ్-రూట్ ఆదేశంతో ఇన్‌స్టాల్ చేసిన లినక్స్ లోపలికి వెళ్లి, ఉబుంటు వంటి వాటిలో గ్రబ్ యూఈఎఫ్ఐ ప్యాకేజీ వేసి, గ్రబ్-ఇన్‌స్టాల్, అప్‌డేట్-గ్రబ్ ఆదేశాలు ఇవ్వాలి. ప్యాకేజీకి ఇంటర్నెట్ అవసరం. ఈఎఫ్ఐ పార్టిషన్‌ను, బూట్ అయ్యేటప్పుడు ఏ పార్టిషన్లు మౌంట్ చేయాలో రాసి ఉండే ఎఫ్ఎస్-ట్యాబ్ ఫైల్‌లో నమోదు చేయడం మరవకండి. మా మేనకోడలి లాప్‌టాప్‌లో ఇంతే చేశాం, ఒక్క ఫైలూ పోలేదు.

గ్రబ్ మెనూ వచ్చి, ఆపై స్క్రీన్ నల్లబడితే, చాలాసార్లు అది గ్రాఫిక్స్ డ్రైవర్ సమస్య. మెనూలో "ఇ" నొక్కి, లినక్స్ అని మొదలయ్యే వరుస చివర నోమోడ్‌సెట్ అనే పదం చేర్చి, ఎఫ్10 నొక్కండి. అది ఆ ఒక్క బూట్‌కే పనిచేస్తుంది. లోపలికి వెళ్లాక సరైన డ్రైవర్ వేసుకోవాలి.

(తెర మీద: ఎమర్జెన్సీ మోడ్)

సుమారు 90 సెకన్లు ఆగి ఎమర్జెన్సీ మోడ్‌కు, అంటే మరమ్మతు కోసం ఆదేశాలు మాత్రమే ఇవ్వగల తెరకు, వెళితే, ఎఫ్ఎస్-ట్యాబ్‌లో రాసిన ఏదో పార్టిషన్ దొరకలేదని అనుమానించండి. బీఎల్‌కే-ఐడీ ఆదేశం చూపే యూయూఐడీలతో, అంటే ప్రతి పార్టిషన్‌కూ ఉండే ప్రత్యేక గుర్తింపు సంఖ్యలతో, పోల్చి, ఒక్క అక్షరం తేడా ఉన్నా సరిచేయండి.

మళ్లీ ఇన్‌స్టాల్ చేయమని నేనే చెప్పే సందర్భం ఒకటుంది. తుఫాను రోజుల్లో మన జిల్లాల్లో కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. బ్యాటరీ లేని డెస్క్‌టాప్ ఇన్‌స్టాలేషన్ మధ్యలో ఆగిపోతే, బూట్‌లోడర్ సాధారణంగా చివర్లో పడుతుంది కనుక గ్రబ్ ఉండదు, ప్యాకేజీలూ సగమే ఉంటాయి. అప్పుడు లైవ్ పెన్‌డ్రైవ్‌తో పాత ఫైళ్లను ముందుగా వేరే డిస్కులోకి కాపీ చేసుకొని, యూపీఎస్ పెట్టుకొని మొదలుపెట్టండి.